బదులు పని, బదులు గింజ: లాభమెంత? నష్టమెంత?

పైసలు లేకుండా పని జరుగుతుందా? జరుగుతుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో ఎప్పటి నుంచో జరుగుతూనే ఉంది.

వాన పడ్డది. నారు ముదురుతున్నది. నాటు వెయ్యాలె. కూలి ఇవ్వడానికి చేతిలో పైసలు లేవు. అప్పుడు ఒకామె పక్కింటికి పోయి అడుగుతుంది.

"వదినా, రేపు మా మడికి వస్తవా? ఎల్లుండి నేను మీ మడికి వస్త."

వదిన సరే అంటుంది. రెండు మడులూ నాటు పడతాయి. ఒక్క రూపాయి కూడా చేతులు మారలేదు. ఇదే బదులు పని.

బీడీలు చేసే ఇళ్ళల్లో ఇంకో రకం బదులు ఉంది. కార్ఖానాలో ఇచ్చిన తునికాకు ఒక్కోసారి తక్కువ పడుతుంది. కొంత ఆకు పాడై ఉంటుంది. లెక్క ప్రకారం వెయ్యి బీడీలు అప్పగించాలె. అప్పుడు పక్కామె దగ్గర కొంచెం ఆకు తెచ్చుకుంటారు. వచ్చే వారం ఆకు వచ్చినప్పుడు తిరిగి ఇస్తారు. ఆకుకు ఆకే. దానికి వడ్డీ లేదు. సిరిసిల్లలో ఇంట్లో మగవాళ్ళు సాంచాలు నడుపుతారు, ఆడవాళ్ళు బీడీలు చేస్తారు. సాంచాలు ఆగిన నెలలో ఇంటి బరువంతా బీడీల చాట మీదనే పడుతుంది. ఆ నెలలో ఇట్లాంటి చిన్న చిన్న బదుళ్ళే పొయ్యి వెలిగిస్తాయి.

కొన్ని మాటలు ఒకేలా వినిపిస్తాయి, కాని ఒకటి కావు. చేబదులు అంటే వడ్డీ లేకుండా ఇచ్చి పుచ్చుకోవడం. ఉద్దెర అంటే దుకాణంలో సరుకు ముందు తెచ్చుకొని, పైసలు తర్వాత ఇవ్వడం. నాగు అంటే గింజలు అప్పు తెచ్చుకొని, పంట వచ్చినాక ఎక్కువ గింజలు కొలవడం. చేబదులులో ఇద్దరూ సమానం. నాగులో ఇద్దరూ సమానం కాదు.

నలుగురి లెక్క

ఇద్దరి మధ్య బదులు ఉంటే లెక్క నోటి మీదనే ఉంటుంది. నలుగురు కలిస్తే గుర్తుండదు. "నేను వచ్చిన, నువ్వు రాలేదు" అని మాట వస్తుంది. ఆ మాట పెరిగి పంచాయితీ అవుతుంది. అందుకే పుస్తకం కావాలె.

నలుగురు ఆడవాళ్ళు ఒక జట్టు కట్టారు అనుకుందాం. మొదటి రోజు మొదటామె పొలంలో మిగతా ముగ్గురూ నాటు వేశారు. పుస్తకంలో ఆ ముగ్గురి పేర్ల ముందు ఒక్కో రోజు జమ రాయాలె. మొదటామె పేరు ముందు మూడు రోజులు బాకీ రాయాలె.

రెండో రోజు రెండో ఆమె పొలానికి మొదటామె, మూడో ఆమె పోయారు. నాలుగో ఆమెకు జ్వరం, పోలేదు. ఇప్పుడు లెక్క ఇట్లా ఉంటుంది. మొదటామె మూడు రోజులు బాకీ ఉండె, ఒక రోజు తీర్చింది, ఇంకా రెండు రోజులు బాకీ. రెండో ఆమెకు ఒక రోజు జమ ఉండె, ఇద్దరి పని తీసుకుంది కాబట్టి ఒక రోజు బాకీ పడ్డది. మూడో ఆమెకు రెండు రోజులు జమ. నాలుగో ఆమెకు ఒక రోజు జమ.

బాకీలు కూడండి. రెండు, ఒకటి, మొత్తం మూడు. జమలు కూడండి. రెండు, ఒకటి, మొత్తం మూడు. రెండూ సమానం కావాలె. కాకపోతే ఎక్కడో రాత తప్పింది, ఆ రోజే వెతకాలె. పది రోజులు పోయినాక వెతికితే దొరకదు.

ఇదే లెక్కను 1983లో కెనడా దేశంలో కోర్టెనే అనే ఊరి దగ్గర మైకేల్ లింటన్ అనే ఆయన మొదలుపెట్టారు. ఆ ప్రాంతంలో పనులు తగ్గాయి. జనానికి పని వచ్చు, చేతిలో పైసలు లేవు. ఒకరు గోడ కడితే జమ, ఇంకొకరితో బట్టలు కుట్టించుకుంటే బాకీ. నోట్లు లేవు, పుస్తకమే. ఆ పద్ధతి తర్వాత ఎన్నో దేశాలకు పాకింది. మన దగ్గర పుస్తకం లేకుండా నడిచిన పనికే వాళ్ళు పుస్తకం పెట్టారు, అంతే తేడా.

అయితే ఈ లెక్కలో ఒక చిక్కు ఉంది. మూడో ఆమెకు భూమి లేదు అనుకోండి. ఆమె పేరు మీద రెండు రోజులు, పది రోజులు, ఇరవై రోజులు జమ అవుతూనే ఉంటాయి. వాటిని ఆమె ఏం చేసుకోవాలె? నాటు వేయించుకోవడానికి మడి లేదు. పిల్లకు మందు కొనాలంటే మెడికల్ షాపతను జమ పుస్తకం తీసుకోడు. భూమి ఉన్నవాళ్ళకు బదులు పని లాభం. భూమి లేని కూలి మనిషికి అది కూలి ఇవ్వని పనే అవుతుంది. ఈ మాట జట్టు కట్టేటప్పుడే అనుకోవాలె. భూమి లేనామె జమను ఇంకో విధంగా తీర్చాలె. ఆమె పిల్లలను చూసుకోవచ్చు, ఆమె ఇంటి గోడ అలకవచ్చు, కట్టెలు తేవచ్చు. అదీ కుదరకపోతే పంట రాగానే గింజలో, పైసలో ఇయ్యాలె.

ఇంకో చిక్కు, ఒక రోజుకు ఒక రోజు సమానమా అన్నది. వెనకట నాగలి, ఎడ్లు ఉన్నవాళ్ళు ఒక రోజు దున్నిపోతే, దానికి బదులు ఆడవాళ్ళు రెండు మూడు రోజులు కలుపు తీసిన చోట్లు ఉన్నాయి. ఎడ్లకు మేత పెట్టాలె కాబట్టి ఎక్కువ అడిగారు, అది కొంత న్యాయమే. కాని వంగి వంగి నడుము పడిపోయే పనికి తక్కువ లెక్క కట్టడం కూడా అందులో కలిసే ఉంది. ఇప్పుడు దున్నడానికి ట్రాక్టరు వచ్చింది, కొయ్యడానికి మిషను వచ్చింది. వాటికి నగదే కావాలె. అందుకే బదులు పని చాలా ఊళ్ళల్లో తగ్గింది. కలుపు దగ్గర, పెండ్లి పనుల దగ్గర, చావు ఇంటి దగ్గర మిగిలింది.

గింజకు గింజ

వానకాలం మొదట్లో ఇంట్లో గింజలు అయిపోతాయి. కొత్త పంట రావడానికి నాలుగైదు నెలలు పడుతుంది. ఆ రోజుల్లో పేదవాళ్ళు ఉన్నవాళ్ళ ఇంటికి నాగుకు పోయేవాళ్ళు. ఒకటికి ఒకటిన్నర కొలవాలె. అంటే ఒక బస్తా తెస్తే బస్తన్నర ఇయ్యాలె.

దాన్ని పైసల్లో చూస్తే తెలుస్తుంది. 2025-26 సంవత్సరానికి సాధారణ రకం వడ్లకు కేంద్ర ప్రభుత్వం క్వింటాలుకు 2369 రూపాయలు మద్దతు ధర పెట్టింది. జూన్‌లో ఒక క్వింటాలు నాగు తెచ్చి, నవంబరులో ఒకటిన్నర క్వింటాలు కొలిస్తే, ఎక్కువ పోయింది 50 కిలోలు. వాటి విలువ 1184 రూపాయల 50 పైసలు. అదే 2369 రూపాయలు మహిళా సంఘంలో నూటికి నెలకు రూపాయి వడ్డీకి తెచ్చుకొని, ఐదు నెలలకు కడితే వడ్డీ ఎంత? 118 రూపాయల 45 పైసలు. నాగులో దానికి పది రెట్లు పోయింది.

నాగు ఇచ్చేవాళ్ళకూ ఒక మాట ఉంటుంది. "వానకాలంలో గింజ పిరం. పంట మీద గింజ అగ్గువ. అందుకే ఎక్కువ కొలుస్తరు" అంటారు. అది అబద్ధం కాదు. కాని ధర సగానికి సగం ఎప్పుడూ పెరగదు. ఇంకోటి కూడా నిజమే. గింజ అప్పుకు గింజే కడితే ధర పడిపోయిందన్న భయం లేదు. పైసలు అప్పు తెచ్చిన రైతు, పంట ధర పడిపోతే ఎక్కువ బస్తాలు అమ్మి అప్పు కట్టాలె. గింజ తెచ్చినామెకు ఆ బాధ లేదు, మాట్లాడుకున్నంత కొలిస్తే సరి. అందుకే గింజ బదులు చెడ్డది అనలేము. ఎంత ఎక్కువ కొలవాలె, ఎవరు కొలుస్తున్నారు, ఆ రెండు చూడాలె.

ఎవరు కొలుస్తున్నారు అనేది చిన్న మాట కాదు. నాలుగు గిద్దెలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. లెక్క ఒకటే. కాని మానికలే రెండు రకాలు ఉండేవి. ఇచ్చేటప్పుడు ఒకటి, తీసుకునేటప్పుడు ఇంకొకటి. పైన చేత్తో సాపు చేసి ఇయ్యడం ఒకటి, కుప్ప కట్టి తీసుకోవడం ఒకటి. 1956లో దేశానికంతా ఒకటే తూకం, ఒకటే కొలత ఉండాలని చట్టం వచ్చింది. ఆ తర్వాత కిలోలు, లీటర్లు వచ్చాయి. అయినా పల్లెల్లో మానిక చాలా ఏండ్లు పోలేదు.

ఊళ్ళో కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి కూడా ఏడాదంతా పని చేసి, కల్లం దగ్గర గింజలు తీసుకునేవాళ్ళు. నాగలి చెడితే వడ్రంగి అప్పుడే బాగు చేసేవాడు. పైసలు అడగలేదు. పంట మీద ఇంత అని ఉండేది. కరువు వస్తే రైతుతో పాటు ఆయనా పస్తే. మంచి రోజుల్లో ఇది అందరినీ కలిపి ఉంచిన పద్ధతి. కాని ఇందులో పని మార్చుకునే స్వేచ్ఛ లేదు. చాకలి బిడ్డ చాకలి పనే చెయ్యాలె. గింజ ఎంతో ఇచ్చేవాళ్ళే చెప్పాలె.

దొరల గడీల దగ్గర ఇది ఇంకా చెడింది. పేరుకు బదులు, జరిగింది వెట్టి. ఆడవాళ్ళు గడీలో ఊడ్చాలె, దంచాలె, నీళ్ళు మొయ్యాలె. దానికి బదులుగా ఏం ఇస్తారో అడిగే నోరు లేదు. 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చింది. చట్టం వచ్చినంత మాత్రాన గడీలో పని ఆగలేదు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో వేల మంది రైతులు, కూలీలు ఊరేగింపు తీశారు. దాన్ని జగిత్యాల జైత్రయాత్ర అంటారు. వెట్టి పోవాలె, కూలి పెంచాలె అన్నది అందులో ముఖ్యమైన మాట. ఆ ఏడాది అక్టోబరులోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ ఊళ్ళల్లో ముసలివాళ్ళకు ఆ రోజులు ఇంకా యాదికి ఉన్నాయి. "కూలి పైసల రూపంలో చేతికి ఇయ్యండి" అని అడగడం వాళ్ళకు ఎందుకంత పెద్ద మాటో అందుకే అర్థమవుతుంది. రూపాయి చేతిలో ఉంటే ఏ దుకాణానికైనా పోవచ్చు. గింజ ఇచ్చిన దొర దగ్గరికే మళ్ళీ పోవాల్సిన పని లేదు.

ఇప్పుడు కూడా పంట మీద కల్లాల దగ్గరికి పండ్లవాళ్ళు, ఐసువాళ్ళు వస్తారు. వడ్లు పోస్తే పండ్లు ఇస్తారు. పిల్లలు ఏడుస్తారు, తల్లి చాటెడు వడ్లు పోస్తుంది. ఆ చాటలో నాలుగు కిలోలు ఉన్నాయనుకోండి. మద్దతు ధరతో లెక్క కడితే అవి దాదాపు 95 రూపాయల వడ్లు. దానికి వచ్చిన పండ్లు బజారులో 60 రూపాయలకు దొరికితే, 35 రూపాయలు పోయినట్టే. ఇంటి ముందుకు తెచ్చినందుకు పది రూపాయలు ఎక్కువ ఇయ్యచ్చు. 35 ఎందుకు? పాత చీరలకు స్టీలు గిన్నెలు ఇచ్చేవాళ్ళ దగ్గర కూడా ఇదే లెక్క. ముందు గిన్నె ధర ఎంతో మనసులో అనుకొని, ఆ తర్వాత చీరలు బయటికి తీస్తే మంచిది.

హాలీ రూపాయి

మన ప్రాంతానికి వేరే రూపాయి ఉండేదని ముసలివాళ్ళు చెపుతారు. అది నిజం. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా నడిచింది. నాణెం మీద చార్మినారు బొమ్మ ఉండేది. 1918 నుంచి నిజాం ప్రభుత్వం కాగితం నోట్లు కూడా అచ్చు వేసింది. మన దేశంలోని సంస్థానాల్లో బ్రిటిషువాళ్ళు సొంత నోట్లకు ఒప్పుకున్నది హైదరాబాదుకే. బ్రిటిషు రూపాయిని ఇక్కడ కల్దారు అనేవాళ్ళు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానం. అంటే 35 హాలీలు ఇస్తే 30 కల్దార్లు రావాలె.

లెక్క వచ్చినవాళ్ళకు 30 వచ్చాయి. రానివాళ్ళకు? మార్చే సాహుకారు వట్టం కోసుకునేవాడు. రాజ్యం దాటి బొంబాయికో, షోలాపూరుకో మగ్గం పనికి పోయినవాళ్ళు అక్కడ కల్దార్లు సంపాదించి ఇంటికి తెస్తే, ఇక్కడ మళ్ళీ మార్చుకోవాలె. ప్రతి మార్పిడిలో కొంత పోయేది. సొంత సిక్కాతో రాజ్యానికి గౌరవం, ఖజానాకు లాభం. సరిహద్దు దాటే కూలికి నష్టం. 1948లో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసింది. ఆ తర్వాత కూడా కొన్ని ఏండ్లు రెండు రూపాయలూ పక్కపక్కనే నడిచాయి. 1959తో హాలీ కథ ముగిసింది.

వేరే దేశాల్లో ఏమైంది?

ఆస్ట్రియా దేశంలో వోర్గల్ అని ఒక చిన్న పట్టణం ఉంది. 1932లో అక్కడ పనులు లేవు. పైసలు ఉన్నవాళ్ళు భయపడి దాచుకున్నారు. ఆ ఊరి మేయరు ఊరి కోసం వేరే చీటీలు అచ్చు వేయించాడు. రోడ్లు, వంతెన పని చేసినవాళ్ళకు ఆ చీటీలతో కూలి ఇచ్చాడు. దుకాణాల్లో అవి చెల్లాయి. ఊరి పన్ను కూడా వాటితో కట్టవచ్చు. అందులో ఒక కిటుకు ఉంది. ప్రతి నెలా చీటీ విలువ నూటికి ఒకటి తగ్గుతుంది. తగ్గకుండా ఉండాలంటే బిళ్ళ కొని అంటించాలె. అందుకే ఎవరూ దాచుకోలేదు, వెంటనే ఖర్చు పెట్టారు. చీటీ చేతులు మారింది, పని పెరిగింది. 1933 సెప్టెంబరులో ఆ దేశపు పెద్ద బ్యాంకు దాన్ని ఆపించింది. నోట్లు అచ్చు వేసే హక్కు తనదే అన్నది.

జపాన్ దేశంలో ఒసాకా పట్టణంలో తెరుకో మిజుషిమా అనే గృహిణి 1973లో పని బ్యాంకు పెట్టింది. అందులో పైసలు దాచరు, గంటలు దాస్తారు. ఒకామె ముసలమ్మకు స్నానం చేయిస్తే, బాలింతకు వంట చేసి పెడితే, చేసిన గంటలు ఆమె పేరు మీద జమ అవుతాయి. ఆమెకు అవసరం వచ్చిననాడు ఇంకొకరు వచ్చి అన్ని గంటలు పని చేస్తారు. ఇంటి పనికి విలువ లేదు అనేవాళ్ళకు ఇది మంచి జవాబు. గంట అంటే గంటే. చదువుకున్నామె గంట, చదువు లేనామె గంట ఒకటే. కాని దీనిలో కూడా ఒక భయం ఉంది. వయసులో ఉన్నప్పుడు గంటలు దాచుకుంటే, ముప్పై ఏండ్ల తర్వాత తీర్చడానికి కొత్తవాళ్ళు చేరి ఉండాలె. చేరకపోతే పుస్తకంలో గంటలు ఉంటాయి, తలుపు కొట్టే మనిషి ఉండదు.

అర్జెంటీనా దేశం సంగతి వేరు. 1995లో బెర్నల్ అనే ఊళ్ళో ఇరవై మంది దాకా కలిసి మార్పిడి సంఘం పెట్టారు. ఒకరు రొట్టెలు తెస్తారు, ఒకరు కూరగాయలు, ఒకరు కుట్టిన బట్టలు. తర్వాత చీటీలు వచ్చాయి. 2001 చివర్లో ఆ దేశంలో బ్యాంకుల నుంచి పైసలు తీయనియ్యలేదు. లక్షల మంది ఈ సంఘాల్లో చేరారు. చాలా ఇళ్ళల్లో ఆ చీటీల మీదనే అన్నం ఉడికింది. సంఘం చిన్నగా ఉన్నప్పుడు అందరికీ అందరి ముఖం తెలుసు. పెద్దగా అయినాక తెలియదు. దొంగ చీటీలు అచ్చు అయ్యాయి. కొందరు పెద్దలు సరుకు లేకుండానే చీటీలు వదిలారు. రొట్టె ధర పెరుగుతూ పోయింది. 2002 చివరికల్లా చాలా సంఘాలు కూలిపోయాయి. చీటీలు చేతిలో ఉన్నాయి, కొనడానికి రొట్టె లేదు.

మన దగ్గర కూడా అట్లాంటి రోజులు కొన్ని వచ్చాయి. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 రూపాయల నోట్లు చెల్లవన్నారు. ఏటీయంలో మొదట రోజుకు 2000 రూపాయలే వచ్చాయి. ఏటీయం లేని ఊళ్ళల్లో అదీ లేదు. కూలి మీద బతికే ఇళ్ళు ఆ నెల ఎట్లా గడిపాయి? ఉద్దెర మీద, చేబదులు మీద. ముఖం తెలిసిన కిరాణావాళ్ళు బియ్యం ఇచ్చారు. ముఖం తెలియని బజారులో ఎవరూ ఇయ్యలేదు. ఆడవాళ్ళు పోపు డబ్బాలో, చీర మడతలో దాచుకున్న నోట్లు ఆ రోజుల్లో బయటపడ్డాయి. వాటి గురించి ఇంట్లో ఎన్ని మాటలు పడ్డారో వాళ్ళకే తెలుసు.

జహీరాబాదు ఆడవాళ్ళ గింజల బ్యాంకు

బదులు పద్ధతి నష్టం లేకుండా నడవాలంటే ఎట్లా ఉండాలె? దూరం పోనవసరం లేదు. జహీరాబాదు దగ్గర పస్తాపూర్ ఉంది. ఒకప్పుడు మెదక్ జిల్లా, 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. అక్కడ 1983లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. చుట్టుపక్కల 75 దాకా పల్లెల్లో ఆడవాళ్ళు సంఘాలు కట్టారు. ఎక్కువ మంది దళితులు. కొద్దిపాటి భూమి, అదీ ఎర్రనేల, రాళ్ళ నేల.

వాళ్ళు దుకాణం విత్తనం మీద ఆధారపడలేదు. జొన్న, కొర్ర, సామ, కంది, పెసర, అనుము, ఇట్లా పాత విత్తనాలన్నీ దాచారు. బుట్టలో వేపాకు, బూడిద కలిపి, పైన మట్టితో పూసి పురుగు పట్టకుండా ఉంచుతారు. విత్తనం కావాల్సినామె వచ్చి తీసుకుపోతుంది. పైసలు లేవు. పంట వచ్చినాక తీసుకున్నదానికి రెట్టింపు తిరిగి పోస్తుంది.

ఇక్కడ ఒక అనుమానం రావాలె. నాగులో ఒకటికి ఒకటిన్నర అంటే అన్యాయం అన్నాము. ఇక్కడ ఒకటికి రెండు. ఇది ఇంకా ఎక్కువ కదా? లెక్కకు ఎక్కువే. కాని రెండు తేడాలు ఉన్నాయి. నాగు తెచ్చిన గింజ తిని అయిపోతుంది. విత్తనం తింటే అయిపోదు, భూమిలో వేస్తే ఎన్నో రెట్లు అవుతుంది. ఒక కిలో జొన్న విత్తనం నుంచి వచ్చే పంటలో ఇంకో కిలో పోయడం బరువు కాదు. రెండో తేడా, ఎక్కువ పోసిన గింజ ఎక్కడికి పోతుంది అన్నది. నాగులో అది ఇచ్చినవాళ్ళ గరిసెలోకి పోతుంది. ఇక్కడ సంఘం బుట్టలోకి పోతుంది, వచ్చే ఏడాది ఇంకొకామెకు అందుతుంది. ఈ ఏడు రెట్టింపు పోసినామెకే మరుసటి ఏడు కావాల్సి వస్తే అందులో నుంచే తీసుకుంటుంది.

అవే సంఘాలు ఇంకో పని కూడా చేశాయి. 1990ల నడుమ బీడు పడ్డ పొలాలు సాగు చేసుకోవడానికి రైతులకు అప్పు ఇచ్చారు. అప్పు పైసల్లో, కట్టడం జొన్నల్లో. ఆ జొన్నలు ఊళ్ళోనే దాచి, గింజలు లేని రోజుల్లో పేద ఇళ్ళకు అగ్గువకు కొలిచారు. ఎవరు ఎక్కువ పేదో ఊరి ఆడవాళ్ళే కూర్చొని తేల్చారు. చాలా పేద ఇంటికి ఎక్కువ, కొంచెం మెరుగైన ఇంటికి తక్కువ. ఇదంతా సులువుగా జరగదు. ఎవరి ఇల్లు పేదది అని నలుగురి ముందు తేల్చడం అంటే తగవే. తూకం పట్టాలె, ఎలుకల నుంచి కాపాడాలె, లెక్క రాయాలె. ఆ పనికి కూలి ఉండదు. 2019లో ఈ సంఘాలకు ఐక్యరాజ్య సమితి అభివృద్ధి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

చట్టం ఏమంటుంది?

బదులు పని చట్టానికి అడ్డం కాదు. పుస్తకంలో రోజులు, గింజలు రాసుకోవడమూ తప్పు కాదు. కాని సంఘం తరఫున నోట్లలాంటి చీటీలు అచ్చు వేసి, "ఇది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకు పైసలు ఇస్తాము" అని రాయకూడదు. అది రిజర్వు బ్యాంకు పని. కెన్యా దేశంలో 2013లో మొంబాసా పట్టణపు పేదల వాడలో చిన్న వ్యాపారులు సొంత చీటీలు పెట్టుకున్నారు. వాళ్ళలో ఎక్కువ మంది ఆడవాళ్ళు. పోలీసులు కొందరిని పట్టుకున్నారు. తర్వాత కేసు ఎత్తేశారు. కాని ఆ నెలలు వాళ్ళు పడ్డ బాధ పడ్డదే.

ఇంకో రకం మనుషులు పల్లెలకు వస్తున్నారు. ఫోన్‌లో బొమ్మ చూపిస్తారు. "ఇది కొత్త కాయిన్ అక్కా. ఇప్పుడు పది వేలు పెట్టు. ఇద్దరిని చేర్పించు. ఆరు నెలల్లో రెట్టింపు" అంటారు. దీనికి కూడా కొత్త పైసలు, సొంత పైసలు అని పేరు పెడతారు. బదులు పనికి దీనికి పోలిక లేదు. బదులు పనిలో ఒకరి జమ ఇంకొకరి బాకీ, రెండూ కూడితే సమానం. ఎవరిదీ కూర్చున్న చోట రెట్టింపు కాదు. మనుషులను చేర్పిస్తే పైసలు వస్తాయి అన్నారంటే, వెనక చేరినవాళ్ళ పైసలే ముందు చేరినవాళ్ళకు ఇస్తున్నారన్న మాట. ఇట్లాంటి గొలుసు స్కీములను 1978లో వచ్చిన చట్టం నిషేధించింది. ఎక్కువసార్లు అడిగేది చుట్టాలే, తోటి సంఘం సభ్యులే కాబట్టి కాదనడానికి మొహమాటం అవుతుంది. అయినా ఆధార్, బ్యాంకు పుస్తకం, ఫోన్‌కు వచ్చిన నంబరు ఎవరికీ చెప్పకూడదు. పైసలు అప్పటికే ఫోన్‌లో పోయి ఉంటే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యాలె. అది పైసల మోసాల మీద ఫిర్యాదు తీసుకునే నంబరు. పొద్దున పోయిన పైసల గురించి పొద్దున్నే చెపితే, అవి ఇంకో ఖాతాకు పోకముందే ఆపే అవకాశం ఉంటుంది.